ప్యాకెట్ల లెక్క మానేశాకే మా పని ఎదిగింది

సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల రోడ్డు మీద పడుకునేవాళ్లకి రాత్రిపూట అన్నం పెట్టే చిన్న సంస్థ మాది. మొదలై ఎనిమిదేళ్లు దాటింది. ఈ మధ్య వేరే ఊళ్ల నుంచి ఫోన్ చేసి "మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం, మీరు ఎలా పెరిగారో చెప్పండి" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. పొరపాట్లు కూడా దాచడం లేదు, ఎందుకంటే మేం నేర్చుకున్నదాంట్లో సగం వాటివల్లే, పైగా వాటికి ఇబ్బంది పడింది మా చేతి అన్నం తిన్నవాళ్లు.

2016 నవంబర్, నోట్లు రద్దయిన రోజులు. పొద్దున్నే కూలి కోసం నిలబడే అడ్డా ఒకటి నేను ఆఫీసుకి వెళ్లే దారిలోనే ఉంది. మామూలుగా తొమ్మిదింటికల్లా ఖాళీ అయిపోయే ఆ అడ్డాలో మధ్యాహ్నం దాకా జనం అలాగే కూర్చుని ఉండేవాళ్లు. మేస్త్రీల దగ్గర కూలి ఇవ్వడానికి నోట్లు లేవు, పనులు ఆగిపోయాయి. రాత్రి ఇంటికి వస్తుంటే అవే ముఖాలు స్టేషన్ ఎదురుగా ఫుట్‌పాత్ మీద కనిపించాయి. మేం ఐదుగురం, అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే, మా ఇంట్లో కలిపిన పులిహోర 40 పొట్లాలు కట్టుకుని వెళ్లాం. పులిహోర ఎందుకంటే కూర అక్కర్లేదు, తొందరగా పాడవదు, నిలబడే తినేయొచ్చు. పావుగంటలో అయిపోయాయి. చివర్లో వచ్చిన ఒక తాత ఖాళీ సంచిలో చెయ్యి పెట్టి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు, ఆ చెయ్యి గుర్తొచ్చి మరుసటి వారం మళ్లీ వెళ్లాం.

ఆ తర్వాత పెరగడం చాలా తేలికగా జరిగింది. వాట్సాప్ గ్రూపు పెట్టాం, తెలిసినవాళ్లు పిల్లల పుట్టినరోజుకని, అమ్మానాన్నల వర్ధంతికని డబ్బులు ఇచ్చారు. 2017 మధ్యకి వచ్చేసరికి శనివారం రాత్రి 300 ప్యాకెట్లు పంచేవాళ్లం. ప్రతి శనివారం గ్రూపులో ఆ వారం అంకె పెట్టేవాళ్లం, అంకె పెరిగితే అందరికీ సంతోషం, తగ్గితే టెన్షన్. మేం ఎదుగుతున్నామనే అనుకున్నాం.

2017 నవంబర్‌లో ఆ నమ్మకం పోయింది. నగరంలో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరగబోతోందని, నవంబర్ 8 నుంచి రెండు నెలలపాటు బిచ్చమెత్తడాన్ని నిషేధిస్తూ హైదరాబాద్ పోలీస్ కమిషనర్ ఉత్తర్వులు ఇచ్చారు. రోడ్ల మీద ఉన్నవాళ్లని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో ఉన్న ఆనందాశ్రమాలకి తరలించారు. ఆ శనివారం మేం 300 ప్యాకెట్లతో వెళితే ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది. పోయినవాళ్లలో ఒక అవ్వ ఉండేది, ప్రతి వారం పచ్చడి ఇంకాస్త వెయ్యమని అడిగేది, షుగర్ ఉందని చెప్పేది. ఆమె ఎక్కడుందో కనుక్కుందామని ఆనందాశ్రమానికి వెళ్లాం. అక్కడ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "ఆమె పేరేంటి?" అని. మాలో ఎవరికీ తెలియదు. ఏడాదిపాటు ఆమె చేతిలో అన్నం పెట్టాం, పేరు అడగలేదు. ఆ అవ్వ మళ్లీ మాకు కనిపించలేదు.

మా కథ మొత్తంలో ఇదే అసలు మలుపు. ఇంటికొచ్చాక ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తీసి గళ్లు గీశాను. పేరు, సుమారు వయసు, ఏ ఊరు, ఏం పని చేస్తారు, ఎక్కడ పడుకుంటారు, ఆఖరిసారి ఎప్పుడు కనిపించారు. పగలు నేను చేసేది అకౌంట్స్ పని కాబట్టి గళ్లు గీయడం అలవాటే. కొందరు మొదట భయపడ్డారు, పోలీసులకి ఇస్తారేమోనని. పేరు చెప్పడం ఇష్టంలేనివాళ్లని బలవంతపెట్టలేదు, ఏమని పిలవాలో చెప్పమన్నాం, అంతే.

తర్వాత వరసగా కొన్ని రాత్రులు పంపకం లేకుండా ఉట్టి చేతులతో తిరిగాం, రాత్రి 11 నుంచి 2 దాకా. పగలు చూస్తే ఎవరు ఇల్లు లేనివాళ్లో, ఎవరు రైలు కోసం వచ్చినవాళ్లో తెలియదు, పడుకునే వేళకే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో కూడా ఇల్లు లేనివాళ్లని ఫిబ్రవరి 28న ఒకే రాత్రి లెక్కపెట్టారు, దేశమంతా కలిపి 17.7 లక్షలని తేల్చారు. ఒక్క రాత్రిలో లెక్కపెట్టడం ఎంత కష్టమో మాకు ఆ నాలుగు రోడ్లు తిరిగాకే అర్థమైంది. ఫ్లైఓవర్ కింద ఉన్నవాళ్లు వాన వస్తే ఇంకోచోట, పోలీసు జీపు వస్తే ఇంకోచోట. నిద్రలేపి లెక్కపెట్టకూడదని ముందే నియమం పెట్టుకున్నాం కాబట్టి మా లెక్క కూడా తక్కువే అయి ఉంటుంది.

కానీ ఆ తిరుగుళ్లలో తెలిసినవి మా పద్ధతినే మార్చేశాయి. మొదటిది, అందరూ వారం చివరి రోజుల్లోనే పెడుతున్నారు. శుక్రవారం దర్గాల దగ్గర, శనివారం గుళ్ల దగ్గర, శని, ఆదివారాల్లో మాలాంటి గ్రూపులు. శనివారం రాత్రి ఒక్కొక్కరి పక్కన మూడు నాలుగు ప్యాకెట్లు ఉండేవి, తెల్లారేసరికి వాసన వచ్చి డ్రైనేజీలో పడేసేవాళ్లు. మంగళ, బుధవారాల్లో మాత్రం ఒక్కరూ రారు. మేం పంచిన 300లో ఎన్ని కడుపులోకి వెళ్లాయో, ఎన్ని డ్రైనేజీలోకి వెళ్లాయో అనుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. శనివారం మానేసి మంగళవారం, బుధవారం మొదలుపెట్టాం. దాతల్లో కొందరికి నచ్చలేదు, పుణ్యం శనివారమే కదా అన్నారు. ఆకలి మంగళవారం ఎక్కువుందని నోట్‌బుక్ చూపించాం, సగం మంది ఒప్పుకున్నారు.

రెండోది నన్ను బాగా కదిలించింది. నోట్‌బుక్‌లో "ఏం పని" అనే గడిలో చాలామంది మగవాళ్లు చెప్పిన జవాబు కేటరింగ్. పెళ్లిళ్లలో వడ్డన, ప్లేట్లు తీయడం, గుండిగలు తోమడం. పనున్న రోజు కడుపు నిండా తింటారు, కూలి వస్తుంది, రాత్రికి ఫుట్‌పాత్ మీదకి వస్తారు. ముహూర్తాలు లేని రోజుల్లో, అంటే ఆషాఢం, మూఢం, శూన్యమాసం, వీళ్లకి పనీ లేదు తిండీ లేదు. మనం పంచాంగంలో పెళ్లి పెట్టుకోవడానికి చూసే పేజీలే వీళ్ల ఆకలి క్యాలెండర్. అప్పటి నుంచి ఉగాదికి పంచాంగం కొనగానే ముహూర్తాలు లేని నెలలకి గుర్తు పెట్టుకుని, ఆ నెలల కోసం బియ్యం, పప్పు ముందే కొని ఉంచుతున్నాం.

మూడోది ఆస్పత్రుల దగ్గర. గాంధీ ఆస్పత్రి బయట పడుకునేవాళ్లలో చాలామందికి ఊళ్లో ఇల్లుంది. పేషెంట్‌కి తోడు వచ్చి, ఐసీయూ బయట రోజుల తరబడి ఉండి, తెచ్చుకున్న డబ్బులు మందులకి అయిపోయినవాళ్లు. పేషెంట్‌కి లోపల భోజనం పెడతారు, తోడున్నవాళ్లు సొంతంగా చూసుకోవాలి. వీళ్లు అడగరు, చెయ్యి చాపడం అలవాటు లేదు. వీళ్లని వేరే రకంగా పలకరించాలి, "అమ్మా, పేషెంట్ ఎట్లున్నరు" అని మొదలుపెట్టాలి, అన్నం సంగతి తర్వాత.

మధ్యాహ్నం భోజనం మేం ఎప్పుడూ పెట్టలేదు. 2014లో నాంపల్లిలో మొదలైన 5 రూపాయల భోజనం కేంద్రాలు నగరమంతా వచ్చాయి, పగలు ఏదోలా గడుస్తుంది. ఆంధ్రలో మొదలుపెట్టేవాళ్లు కూడా ముందు దగ్గర్లోని అన్న క్యాంటీన్ ఎన్ని గంటలకి మూస్తారో చూసి, ఆ తర్వాతి ఖాళీలో మీ పని పెట్టుకోండి. ఉన్నదాని పక్కనే ఇంకొకటి పెడితే మన సంతృప్తి పెరుగుతుంది తప్ప ఆకలి తగ్గదు.

ఇప్పుడు 2019 ఏప్రిల్ సంగతి. ఇది రాయడం కష్టంగా ఉంది కానీ రాయాలి. ఆ రోజు సాంబారు అన్నం మధ్యాహ్నం 3కి వండించి, వేడివేడిగా ప్లాస్టిక్ డబ్బాల్లో నొక్కి మూతలు పెట్టేసి, రాత్రి 9కి పంచాం. అర్ధరాత్రికి వాంతులు మొదలయ్యాయని ఫోన్ వచ్చింది. ఏడుగురిని ఆస్పత్రికి తీసుకెళ్లాం, అందరూ కోలుకున్నారు. తప్పు పూర్తిగా మాదే. అన్నంలో ఉండే ఒక రకం బాక్టీరియా, బాసిలస్ సీరియస్ అంటారు, దాని స్పోర్లు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన చూస్తే కూడా తెలియదు. వండినది వడ్డించేదాకా 60 డిగ్రీలకి పైన ఉండాలి, లేదంటే 5 డిగ్రీల కింద ఉండాలి, ఆ మధ్యలో ఉన్న ప్రతి గంటా ప్రమాదమే. ఏప్రిల్ ఎండలో మూత పెట్టిన డబ్బాలో ఆరు గంటలు ఉంచామంటే మేమే దాన్ని పెంచి పోషించినట్టు.

మరుసటి రోజు నుంచి మూడు వారాలు పని ఆపేశాం. ఆ మూడు వారాల్లో ఒక పాత టిఫిన్ సెంటర్ అద్దెకి తీసుకుని వంటగదిగా మార్చాం, సాయంత్రం 6కి పొయ్యి వెలిగిస్తే 8కి వడ్డన మొదలయ్యేంత దగ్గరలో. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకున్నాం, అప్పట్లో చిన్నవాళ్లకి ఏడాదికి 100 రూపాయలే ఫీజు, ఉచితంగా పంచేవాళ్లకి అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. వంట దించగానే, గుండిగ బండి ఎక్కేటప్పుడు, వడ్డన మధ్యలో మూడుసార్లు థర్మామీటర్ పెట్టి రాస్తాం. ప్రతి వంట నుంచి ఒక గిన్నె మర్నాటి దాకా ఫ్రిజ్‌లో ఉంచుతాం, ఏదైనా జరిగితే పరీక్షకి ఇవ్వడానికి.

ఫంక్షన్ హాళ్ల నుంచి మిగిలినవి తీసుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రాత్రి 11:30కి ఫోన్ వస్తుంది, "200 మందికి సరిపడా బిర్యానీ మిగిలింది, వచ్చి తీసుకెళ్లండి" అని. మిగిలిన ఆహారాన్ని పంచడానికి 2019లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది, అవి చదివాక మా నియమం చిన్న మాటలో పెట్టుకున్నాం: గుండిగలో మిగిలింది తీసుకుంటాం, విస్తరి దాకా వెళ్లింది తీసుకోం. పెరుగు కలిపినవి, చికెన్, చేప, పాల స్వీట్లు అస్సలు తీసుకోం. వద్దంటే కోపం వస్తుంది, "ఆకలితో ఉన్నవాళ్లకి ఇన్ని కండిషన్లా" అంటారు. మన పిల్లలకి పెట్టనిది వాళ్లకి ఎందుకు పెట్టాలి? రాబిన్‌హుడ్ ఆర్మీ 2014లో ఢిల్లీలో మొదలై అసలు డబ్బు తీసుకోకుండా, రెస్టారెంట్లలో మిగిలినదాంతోనే ఎన్నో నగరాలకి విస్తరించింది, ఆ పద్ధతి మీద నాకు చాలా గౌరవం. మాకు మాత్రం రోజూ ఒకే వేళకి అన్నం ఉండాలి, మిగిలితేనే దొరికేదాని మీద ఆధారపడి ఆ మాట ఇవ్వలేం.

డబ్బు, కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ అయ్యాం, తర్వాత ఆదాయపన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను మినహాయింపు) వచ్చాయి. 2000 రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకి పన్ను మినహాయింపు రాదు, కాబట్టి బ్యాంకు ద్వారానే తీసుకోండి. ప్రతి ఏడాదీ దాతల వివరాలతో పన్ను శాఖకి ఫారం (1961 చట్టం కింద 10బీడీ) వెయ్యడం మర్చిపోవద్దు. కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపు లేదు కాబట్టి ఉద్యోగస్తులు ఒకప్పటిలా మార్చిలో రసీదుల కోసం రావడం లేదు, నెలనెలా చిన్న మొత్తాలు ఇచ్చేవాళ్లే ఇప్పుడు మా బలం. అమెరికాలో ఉన్న మనవాళ్లు డబ్బు పంపిస్తామంటే జాగ్రత్త. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. మా సభ్యురాలి సొంత అన్నయ్య డల్లాస్ నుంచి పంపిన డబ్బు ఇలాగే వెనక్కి పంపాం. ఆయన చాలా నొచ్చుకున్నారు, తర్వాత సెలవుల్లో వచ్చినప్పుడు వారం రోజులు మాతో ఉల్లిపాయలు తరిగారు.

2020 మార్చి చివరికి వంటగది రోజుకి 150 మందికి వండుతోంది. లాక్‌డౌన్ వచ్చిన రెండు వారాల్లో 2000 దాటింది. హోటళ్లు మూసేశారు, గుళ్లు మూసేశారు, అడ్డాలు లేవు. ఆ పైన మేడ్చల్ వైపు 44వ నంబర్ హైవే మీద నాగ్‌పూర్ దిశగా నడిచి వెళ్లే కూలీలు. మేం సాంబారు అన్నం పట్టుకెళితే బీహార్, ఝార్ఖండ్ వాళ్లు నడుస్తూ తినలేకపోయారు, "రోటీ ఉందా భయ్యా" అన్నారు. అప్పుడు కాలనీల్లో ఇళ్లకి గోధుమపిండి ఇచ్చి, ఒక్కో ఇంట్లో 20 చపాతీలు చేయించి, చట్నీ పొడితో పొట్లాలు కట్టాం. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకి 1200 మంది కూలీలతో మొదటి శ్రామిక్ రైలు వెళ్లిందని వార్తల్లో చూసిన రోజు మా వంటగదిలో అందరం ఏడ్చాం. ఆ రెండు నెలల్లో మేం చేసినదాని గురించి నాకు ఏ విచారమూ లేదు.

విచారం ఆ తర్వాత సంగతి గురించి. లాక్‌డౌన్‌లో విరాళాలు వరదలా వచ్చాయి, దాన్ని చూసి మేం పెద్ద వంటగదికి మారాం, ఇంకో బండి అప్పు మీద కొన్నాం, ఆరుగురిని జీతానికి పెట్టుకున్నాం. 2021 రెండో వేవ్ అయిపోయాక జనం దృష్టి వేరేవైపు వెళ్లింది, సహజమే, వాళ్లకీ ఉద్యోగాలు పోయాయి, ఇళ్లల్లో చావులు చూశారు. మా అద్దె, వాయిదాలు మాత్రం ఆగలేదు. ఒక నెల జీతాలు ఇవ్వలేకపోయాం. ఆ సమయంలో ఒకతను రేషన్ బియ్యం కిలో చాలా తక్కువకి తెచ్చిస్తానన్నాడు, మీటింగ్‌లో పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. అది నేరం, పైగా ఇంకో పేద ఇంటి అన్నం. వద్దన్నాం. బండి అమ్మేశాం, పాత టిఫిన్ సెంటర్‌కే తిరిగొచ్చాం, రోజుకి 180 మంది, అంతకి మించి వద్దని కాగితం మీద రాసుకున్నాం. ఎవరైనా పెరగడం గురించి అడిగితే నేను ముందు చెప్పేది ఇదే, మూడు నెలల ఖర్చు బ్యాంకులో లేకుండా ఒక్క ప్లేటు కూడా పెంచకండి.

180 దగ్గర ఆగినందువల్లే కూర్చోబెట్టి వడ్డించడం కుదిరింది. వంటగది పక్కనే ఒక షెడ్డు దొరికింది, చాపలు పరిచాం, స్టీల్ కంచాలు కొన్నాం. కోనసీమలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా ఆకు వేసి వడ్డించేవారని మా అమ్మమ్మ చెప్పేది, ప్యాకెట్ చేతిలో పెట్టి వెళ్లిపోవడానికి, "ఇంకొంచెం వేసుకోండి" అని అడగడానికి ఎంత తేడా ఉందో నాకు వడ్డించాకే తెలిసింది. తింటున్నంతసేపు మాట్లాడతారు. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టాలి, తినేవాళ్ల ఫోటో ఎవరూ తీయకూడదు, పుట్టినరోజు దాతలైనా సరే. ఈ నియమం వల్ల కొంతమంది దాతలు పోయారు. ఉన్నవాళ్లు వచ్చి గరిటె పట్టుకుంటున్నారు.

కూర్చుని తినడం మొదలయ్యాక నోట్‌బుక్ నిజంగా పని చేసింది. ఒక కేటరింగ్ తమ్ముడు రోజూ మూడుసార్లు వడ్డించుకునేవాడు, 2022లో ఒక వారం సగం అన్నం వదిలేస్తున్నాడని వడ్డించే అక్క గమనించింది, దగ్గు కూడా ఉంది. పరీక్ష చేయిస్తే టీబీ. మందులు ఉచితం, ఆరు నెలలు వాడాలి, పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద అప్పట్లో నెలకి 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. ఆ డబ్బుకి బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకి ఆధార్ కావాలి, ఆధార్‌కి అడ్రస్ కావాలి, అతనికున్న అడ్రస్ ఫ్లైఓవర్ పిల్లర్. గుర్తింపు ఉన్న షెల్టర్ వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ అడ్రస్ ప్రూఫ్‌గా చెల్లుతుందని అప్పుడే తెలుసుకున్నాం. అలా అతన్ని షెల్టర్‌లో చేర్పించడం నుంచి మందులు అయ్యేదాకా ఒకరు వెంట ఉన్నాం. ఇప్పుడు అతను మా వంటగదిలో జీతానికి చేస్తున్నాడు, గుండిగలో ఉప్పు ఎంత వెయ్యాలో చూపుతోనే చెబుతాడు. ఆ తర్వాత ఇంకా 11 మందికి ఆధార్ చేయించాం. ఏడాదికి 11 కూడా కాదు, మొత్తం కలిపి. ఒక్కొక్కరికి ఎన్ని తిరుగుళ్లో చేసినవాళ్లకే తెలుసు.

షెల్టర్ల గురించి కూడా నిజం చెప్పాలి. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలని, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 నాటికే గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు దాటింది, ఉన్న షెల్టర్లు ఆ లెక్కకి చాలా దూరం. ఉన్నవాటిలోకి కూడా అందరూ వెళ్లరు. భార్యాభర్తలని విడిగా పడుకోమంటారు, కేటరింగ్ వాళ్లు రాత్రి 2కి వస్తే తలుపు తీసేవాళ్లు ఉండరు, తోపుడు బండి బయట వదిలితే పొద్దుటికి ఉండదు. "వెళ్లొచ్చు కదా" అని మేమూ మొదట్లో విసుక్కునేవాళ్లం. కారణం అడిగి రాసుకోవడం మొదలుపెట్టాక విసుగు పోయింది, వాటిలో కొన్ని షెల్టర్ నడిపేవాళ్లతో మాట్లాడి తీర్చగలిగాం కూడా. ఒకచోట ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఇప్పుడు గేటు దగ్గర రెండో వాచ్‌మన్ ఉన్నాడు.

ఇంకా తేలనిది ఆడవాళ్ల విషయం. మా 180 మందిలో ఆడవాళ్లు 20 మందికి మించేవాళ్లు కాదు, రోడ్డు మీద అంతకంటే చాలా ఎక్కువమంది ఉన్నారని రాత్రి తిరిగినప్పుడు చూశాం. సిగ్గుపడుతున్నారేమో అనుకున్నాం, మగవాళ్ల మధ్య కూర్చోలేక అనుకున్నాం, వేరే వరస వేశాం, అయినా రాలేదు. చివరికి ఒక పెద్దమ్మ మా వడ్డించే అక్కతో చెప్పింది, పబ్లిక్ టాయిలెట్ రాత్రి 9కి తాళం వేస్తారు, 8కి అన్నం తిని నీళ్లు తాగితే అర్ధరాత్రి ఎక్కడికి వెళ్లాలి అని. సాయంత్రం నాలుగు తర్వాత వాళ్లు నీళ్లు కూడా తాగరట. ఇన్నేళ్లుగా అన్నం పెడుతున్నాం, ఇది మాకు తట్టలేదు. గత ఏడాది నుంచి ఆడవాళ్లకి పంక్తి సాయంత్రం 5:30కే వేస్తున్నాం, అందుకోసం వంట రెండుసార్లు చేస్తున్నాం, గ్యాస్ ఖర్చు పెరిగింది. టాయిలెట్ నడిపే కాంట్రాక్టర్‌తో మాట్లాడి, రాత్రి కాపలా ఉండే మనిషి జీతం మేం ఇస్తామని చెప్పి, పోయిన నెల నుంచి తెల్లవార్లూ తెరిపిస్తున్నాం. నిన్న సాయంత్రం పంక్తిలో 46 మంది ఆడవాళ్లు కూర్చున్నారు.